శ్రీలంక పర్యాటక గణాంకాలు: ఏ ఏడాదితో పోల్చాలి, ఆదాయం లెక్క ఎందుకు కలవడం లేదు?

(ఇది ఒక చర్చా వేదికలోని ప్రశ్న, జవాబులు. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

కూడికతీసివేత (ప్రశ్న)

అందరికీ నమస్కారం. శ్రీలంకకు వచ్చే విదేశీ పర్యాటకుల మీద 2009 నుంచి 2024 వరకు ఒక ట్రెండ్ రిపోర్టు తయారు చేస్తున్నాను. శ్రీలంక టూరిజం డెవలప్‌మెంట్ అథారిటీ (ఎస్‌ఎల్‌టీడీఏ) నివేదికల్లోని వార్షిక అంకెలు ఎక్సెల్‌లోకి ఎక్కించాను.

2009 – 4,47,890
2010 – 6,54,476
2011 – 8,55,975
2012 – 10,05,605
2013 – 12,74,593
2014 – 15,27,153
2015 – 17,98,380
2016 – 20,50,832
2017 – 21,16,407
2018 – 23,33,796
2019 – 19,13,702
2020 – 5,07,704
2021 – 1,94,495
2022 – 7,19,978
2023 – 14,87,303
2024 – 20,53,465

నాలుగు చోట్ల ఆగిపోయాను.

1. కోవిడ్ తర్వాత ఎంత కోలుకుందో చూపడానికి బేస్‌గా 2018 పెట్టాలా, 2019 పెట్టాలా? 2019తో పోలిస్తే 2024 అంకె 107 శాతం. 2018తో పోలిస్తే 88 శాతమే. ఒకటేమో "దాటేసింది" అంటోంది, రెండోది "ఇంకా అందుకోలేదు" అంటోంది.

2. పర్యాటక ఆదాయం 2018లో సుమారు 438 కోట్ల డాలర్లు, 2024లో సుమారు 317 కోట్లు. మనుషులు 12 శాతం తగ్గితే డబ్బు 28 శాతం ఎలా తగ్గింది?

3. భారత్ నుంచి వచ్చినవాళ్ల సంఖ్య ఒక పట్టికలో ఒకలా, ఇంకో పట్టికలో ఇంకోలా ఉంది. ఏది వాడాలి?

4. నెలవారీ అంచనాలు కూడా అడిగారు. 2020, 2021 సంవత్సరాలను ఏం చెయ్యాలి? తీసేయాలా, ఉంచాలా?

---

నెలవారీ

ముందు బేస్ సంగతి. మీ ఇబ్బంది 2018, 2019ల మధ్య ఎంపికలో లేదండీ, వార్షిక అంకెతో పని కానివ్వాలనుకోవడంలో ఉంది. శ్రీలంక లాంటి దేశానికి ఏడాది మొత్తం ఒకే అంకెగా చూస్తే జరిగింది కనపడదు. ఎస్‌ఎల్‌టీడీఏ నెలవారీ అంకెలు కూడా ఇస్తుంది, అవి దించుకోండి.

2019 నెలలు చూడండి: జనవరి 2,44,239, ఫిబ్రవరి 2,52,033, మార్చి 2,44,328, ఏప్రిల్ 1,66,975, మే 37,802, జూన్ 63,072, జూలై 1,15,701, ఆగస్టు 1,43,587, సెప్టెంబరు 1,08,575, అక్టోబరు 1,18,743, నవంబరు 1,76,984, డిసెంబరు 2,41,663. కూడితే సరిగ్గా 19,13,702 వస్తుంది.

మొదటి మూడు నెలల మొత్తం 7,40,600. 2018లో అవే మూడు నెలలు 7,07,924. అంటే 4.6 శాతం పెరుగుదలతో ఏడాది మొదలైంది. ఏప్రిల్ 21న ఈస్టర్ ఆదివారం బాంబు దాడులు జరిగాయి. మే నెల 2018 మే (1,29,466) మీద దాదాపు 71 శాతం పడిపోయింది. డిసెంబరు వచ్చేసరికి తేడా 4.5 శాతానికి తగ్గింది. ఇంత పతనం, ఇంత వేగంగా కోలుకోవడం రెండూ మీ పట్టికలో "18 శాతం తగ్గుదల" అనే ఒక్క ముక్కలో కలిసిపోయాయి.

కాబట్టి 2019ని బేస్‌గా పెట్టకండి. అది దెబ్బతిన్న ఏడాది. ప్రపంచంలో చాలా దేశాలు "కోవిడ్ ముందు" అంటే 2019నే వాడతాయి, అంతర్జాతీయ నివేదికల్లోనూ అదే ఉంటుంది. శ్రీలంకకు మాత్రం ఆ పోలిక దాన్ని లేనిపోని ఎత్తుకు ఎక్కిస్తుంది. మీ రిపోర్టులో 2018 బేస్‌గా ఉంచి, అంతర్జాతీయ పోలిక ఉన్నచోట మాత్రం 2019 వాడి, కారణం అడుగున ఒక వాక్యంలో చెప్పండి.

2020 – 2021 జత ఇంకా మోసం చేస్తుంది. పైకి చూస్తే 2021లో 62 శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది. 2020లో వచ్చిన 5,07,704 మందిలో 5,07,311 మంది మొదటి మూడు నెలల్లో వచ్చినవాళ్లే. మార్చిలో విమానాశ్రయం మూశాక ఏప్రిల్ నుంచి నవంబరు దాకా సున్నా. డిసెంబరులో 393 మంది. 2021 జనవరిలో మళ్లీ తలుపు తెరిచారు, ఆ నెల 1,682 మంది వచ్చారు. అదే ఏడాది డిసెంబరుకు 89,506. నెలల వారీగా చూస్తే 2021 మే, జూన్‌లలో తగ్గినా ఆ తర్వాత పెరుగుతూ పోయిన ఏడాది. నవంబరు, డిసెంబరు రెండు నెలలే ఏడాది మొత్తంలో 69 శాతం. వార్షిక పట్టిక చూసి "2021లో పరిస్థితి మరింత దిగజారింది" అని రాస్తే పూర్తిగా తప్పు.

2022 కూడా అంతే. మార్చిలో 1,06,500 దాకా వచ్చి, ఇంధన కొరత, విద్యుత్ కోతలు, ఆందోళనలతో మేలో 30,207కి పడింది. 2023లో 107 శాతం పెరుగుదల అనేది ఆ గోతిలోంచి కొలిచిన ఎత్తు.

ఇంకొకటి, అందరూ వదిలేసేది: 2017లో పెరుగుదల 3.2 శాతమే. దానికి గిరాకీ తగ్గడం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. జనవరి మొదటి వారం నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా కొలంబో దగ్గరి కటునాయకె విమానాశ్రయం రన్‌వే మరమ్మతు కోసం రోజూ పగటిపూట మూసి ఉంచారు. సీజన్ నడిమధ్యలో విమానాలు దిగే వేళలే తగ్గాయి. ఆ తర్వాత డెంగ్యూ. గ్రాఫులో ప్రతి వంపుకూ పక్కన చిన్న నోటు పెట్టండి.

---

పాతపద్దు

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. శ్రీలంక ఆదాయం అంకె ఎలా పుడుతుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. అది బ్యాంకుల్లో జమైన డాలర్లను నేరుగా లెక్కపెట్టినది కాదు. మూడు అంకెల గుణకారం:

వచ్చినవాళ్ల సంఖ్య × సగటున ఉన్న రాత్రులు × ఒక్కొక్కరు రోజుకు సగటున పెట్టిన ఖర్చు

2018 తీసుకోండి. 23,33,796 మంది, 10.8 రాత్రులు, రోజుకు 173.8 డాలర్లు. గుణిస్తే 438.06 కోట్ల డాలర్లు. ప్రచురించిన ఆదాయం అదే. 2017: 21,16,407 × 10.9 × 170.1 = 392.4 కోట్లు. 2016: 20,50,832 × 10.2 × 168.2 = 351.8 కోట్లు. 2014: 15,27,153 × 9.9 × 160.8 = 243.1 కోట్లు. క్యాలిక్యులేటర్‌తో మీరే సరిచూసుకోండి.

రాత్రులూ రోజు ఖర్చూ తిరిగి వెళ్లే ప్రయాణికులను అడిగి చేసే సర్వే నుంచి వస్తాయి. దీనివల్ల రెండు పర్యవసానాలు.

ఒకటి: "పర్యాటకుల సంఖ్యకూ ఆదాయానికీ మధ్య బలమైన సహసంబంధం ఉంది" అని చాలా రిపోర్టుల్లో ఒక స్కాటర్ గ్రాఫ్ వేసి మురిసిపోతుంటారు. ఒక అంకెను ఇంకో అంకెతో గుణించి తెచ్చినదాన్ని మళ్లీ మొదటి అంకెతో పోలిస్తే సంబంధం ఉండకేం చేస్తుంది? ఆ గ్రాఫు వెయ్యకండి. నెలవారీ ఆదాయంలో అయితే ఇది మరీ ఎక్కువ. సర్వే సగటు మారేదాకా ఆదాయం గీత అరైవల్స్ (రాకల సంఖ్య) గీతకు నీడలా నడుస్తుంది.

రెండు: కొత్త సర్వే సగటు లెక్కలోకి వచ్చిన నెలలో ఆదాయం ఒక్కసారి కిందికో పైకో జరుగుతుంది. ఆ నెలలో పర్యాటకుల ప్రవర్తన మారిందని కాదు దాని అర్థం, కొలబద్ద మారిందని.

ఇప్పుడు మీ 12 శాతం, 28 శాతం. విడగొట్టి చూడండి. 2018లో తలకు 1,877 డాలర్లు. 2024లో 316.9 కోట్లను 20,53,465తో భాగిస్తే 1,543. అంటే తలసరి 17.8 శాతం తగ్గింది. 0.88 × 0.822 = 0.723. అదే మీ 28 శాతం. అంటే ఆదాయం లోటులో పెద్ద వాటా మనుషుల కొరతది కాదు, ఒక్కొక్కరి నుంచి వచ్చేది తగ్గడానిది.

ఇది కూడా నామమాత్రపు డాలర్లలో, అంటే ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకోకుండా. అమెరికా వినియోగ ధరల సూచీ 2018 సగటు 251.1, 2024 సగటు 313.7. 2018 నాటి 1,877 డాలర్లు 2024 ధరల్లో సుమారు 2,345. దానితో 1,543ని పోలిస్తే తగ్గుదల 34 శాతం. రిపోర్టులో ఒక్క పేరా మాత్రమే మిగుల్చుకునే పరిస్థితి వస్తే ఇదే మిగుల్చుకోండి.

శ్రీలంక రూపాయల్లో మాత్రం ట్రెండ్ గీయకండి. 2022 మార్చిలో మారకపు రేటును వదిలేశాక డాలరు 200 రూపాయల దగ్గర నుంచి 360 దాకా పోయింది. రూపాయల్లో గీస్తే పర్యాటకులు లేని రోజుల్లో ఆదాయం ఎగిరినట్టు కనిపిస్తుంది.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త: నివేదికల్లో 4,380.6 మిలియన్ అని ఉంటుంది. మిలియన్‌కు పది లక్షలు, బిలియన్‌కు వంద కోట్లు. 4.38 బిలియన్ అంటే 438 కోట్లు. దీన్ని 43.8 కోట్లనో 4,380 కోట్లనో రాసిన వార్తలు బోలెడు తిరుగుతుంటాయి.

---

కూడికతీసివేత

నెలవారీ గారు, పాతపద్దు గారు, చాలా స్పష్టంగా చెప్పారు. తలసరి తగ్గడానికి కారణం కూడా రాయమంటే? సర్వేలో జనం తక్కువ చెప్పారనుకోవాలా, నిజంగానే తక్కువ ఖర్చు పెట్టారనుకోవాలా?

---

తీరరేఖ

కారణం సగం వరకు మీ మూడో ప్రశ్నలోనే ఉంది, అంటే ఎవరు వస్తున్నారన్నదాంట్లో.

2018లో మొదటి మూడు దేశాలు: భారత్ 4,24,887, చైనా 2,65,965, బ్రిటన్ 2,54,176. 2024లో: భారత్ 4,16,974, రష్యా 2,01,920, బ్రిటన్ 1,78,339, తర్వాత జర్మనీ 1,36,084, చైనా 1,31,681. చైనా సగానికి పడింది. రష్యా 2018లో 64 వేల దగ్గర ఉండేది, మూడు రెట్లు దాటింది. బ్రిటన్ దాదాపు 30 శాతం తగ్గింది. భారత్ అంకె కొంచెం తగ్గినా మొత్తంలో వాటా 18.2 నుంచి 20.3 శాతానికి పెరిగింది.

దగ్గరి దేశం నుంచి వచ్చేవాళ్లు తక్కువ రోజులు ఉంటారు. చెన్నై నుంచి కొలంబోకు గంటన్నర లోపు ప్రయాణం, నాలుగు రోజుల సెలవు దొరికితే వెళ్లి రావచ్చు. లండన్ నుంచి పది, పదకొండు గంటలు కూర్చుని వచ్చినవాళ్లు రెండు వారాలు ఉండకుండా తిరిగి వెళ్లరు. అందువల్ల ప్రతి దేశం వాళ్లూ మునుపటిలాగే ఖర్చు పెట్టినా, దగ్గరివాళ్ల వాటా పెరిగితే మొత్తం సగటు పడిపోతుంది. ఒక ఊహాలెక్క: దూరపువాళ్లు 80 మంది 12 రాత్రులు, దగ్గరివాళ్లు 20 మంది 5 రాత్రులు ఉంటే సగటు 10.6. వాటా 70 – 30 అయితే సగటు 9.9. ఏ ఒక్కరి అలవాటూ మారలేదు, సగటు మాత్రం పడిపోయింది.

కాబట్టి రెండు ప్రభావాలను విడదీయండి. 2018 దేశాల వాటాలను అలాగే ఉంచి 2024 దేశాల వారీ రాత్రులు వేసి ఒక సగటు, 2024 వాటాలతో ఇంకో సగటు తీయండి. రెంటి మధ్య తేడా "కూర్పు" వల్ల వచ్చినది. మిగిలింది నిజంగా అలవాటు మారడం, లేదా సర్వే పద్ధతి తేడా. దేశాల వారీ రాత్రులు వార్షిక నివేదికల్లో ఇచ్చినంతవరకే చెయ్యండి, లేనిచోట ఊహించి నింపకండి.

ఇక భారత్ అంకె రెండు రకాలుగా ఉండటం. పట్టిక శీర్షిక జాగ్రత్తగా చదవండి. ఒకటి నివాస దేశం ప్రకారం, ఇంకొకటి జాతీయత ప్రకారం అయి ఉంటుంది. దోహాలో ఉద్యోగం చేసే కరీంనగర్ మనిషి భారత పాస్‌పోర్టుతో కొలంబో వెళ్తే జాతీయత పట్టికలో భారత్, నివాసం పట్టికలో ఖతార్. డాలస్‌లో హెచ్1బీ మీద ఉన్న గుంటూరు కుటుంబం జాతీయతలో భారత్, నివాసంలో అమెరికా. అదే కుటుంబం అమెరికా పౌరసత్వం తీసుకున్నాక రెండింటిలోనూ అమెరికాయే. మార్కెటింగ్ ఎక్కడ చెయ్యాలో చూసేవాళ్లకు నివాసం పట్టిక పనికొస్తుంది, వీసా విధానం ప్రభావం చూసేవాళ్లకు జాతీయత పట్టిక. ఏది తీసుకున్నా సరే, 2009 నుంచి 2024 దాకా అదొక్కటే వాడండి. మధ్యలో పట్టిక మారిస్తే ట్రెండులో లేని మెట్టు పుడుతుంది.

వీసా అన్నాను కాబట్టి: 2023 నవంబరులో భారత్, చైనా, రష్యా సహా ఏడు దేశాలకు ఉచిత వీసా మొదలుపెట్టారు. 2024 పెరుగుదలను దానికే అంటగట్టకండి. ఉచితం కాని బ్రిటన్ కూడా 2023లో 1,23,992 ఉన్నది 2024లో 1,78,339 అయింది. అంటే 44 శాతం. భారత్ 3,02,844 నుంచి 38 శాతమే పెరిగింది. రష్యా అయితే 1,97,498 నుంచి దాదాపు కదలనేలేదు.

"పర్యాటకుడు" ఎవరన్నది కూడా ఒక వాక్యంలో రాయండి. ఐక్యరాజ్యసమితి 2008 సిఫార్సుల ప్రకారం కనీసం ఒక రాత్రి ఉండాలి, ఏడాది లోపు తిరిగి వెళ్లాలి, అక్కడి సంస్థలో ఉద్యోగానికి రాకూడదు. కొలంబో రేవులో పొద్దున దిగి సాయంత్రం ఓడెక్కే క్రూయిజ్ ప్రయాణికుడు పర్యాటకుడు కాదు, ఒకరోజు సందర్శకుడు. ఇంకో తిరకాసు, ఇవి మనుషుల లెక్కలు కావు, రాకల లెక్కలు. కొలంబోలో దిగి, మాలె (మాల్దీవుల రాజధాని) వెళ్లి, మళ్లీ కొలంబో వచ్చి నాలుగు రోజులు ఉన్న ఒక్క మనిషి రెండు రాకలు.

---

నెలవారీ

నాలుగో ప్రశ్న మిగిలింది. నెలవారీ అంచనాకు ముందు సీజన్ సూచీ (సగటుతో పోలిస్తే ఒక్కో నెల ఎన్ని రెట్లో చెప్పే అంకె) కట్టాలి. శ్రీలంకకు ఒక శిఖరం కాదు, రెండు ఉంటాయి. డిసెంబరు నుంచి మార్చి వరకు పడమర, దక్షిణ తీరాలు పొడిగా ఉంటాయి, బెంతోట, గాలె, మిరిస్స వైపు జనం. నైరుతి వానలొచ్చాక మే, జూన్ నెలల్లో అడుగంటుతుంది. జూలై, ఆగస్టులో మళ్లీ లేస్తుంది. తూర్పు తీరంలో అరుగం బే, త్రికోణమలై వైపు అప్పుడే ఎండ, ఐరోపాలో బడి సెలవులు, కాండీలో ఎసల పెరహెర, మిన్నేరియలో ఏనుగుల గుంపులు.

2018 నెలసరి సగటు 1,94,483. ప్రతి నెలనూ దానితో భాగిస్తే: జనవరి 1.23, ఫిబ్రవరి 1.21, మార్చి 1.20, ఏప్రిల్ 0.93, మే 0.67, జూన్ 0.75, జూలై 1.12, ఆగస్టు 1.03, సెప్టెంబరు 0.77, అక్టోబరు 0.79, నవంబరు 1.01, డిసెంబరు 1.30.

2024కు (సగటు 1,71,122) అదే పని చేస్తే మే 0.66, జూలై 1.10, డిసెంబరు 1.45 వస్తాయి. డిసెంబరు 1.30 నుంచి 1.45కు వెళ్లిందని, సీజన్ పదునెక్కిందని రాయాలనిపిస్తుంది. ఆగండి. 2024 అంతకు ముందటేడాది మీద 38 శాతం ఎదిగిన సంవత్సరం. అలా ఎక్కుతున్న ఏడాదిలో చివరి నెల ఎలాగూ ఎత్తులో ఉంటుంది. అందులో ట్రెండెంతో సీజనెంతో ఏడాది సగటుతో భాగిస్తే తెలియదు.

అందుకే మధ్యకు జరిపిన 12 నెలల చలన సగటు వాడాలి. 2018 జూలైకి లెక్క ఇలా:

ముందు 2018 జనవరిలో సగం, అంటే 1,19,462. ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా పూర్తిగా, 20,94,872. 2019 జనవరిలో సగం, 1,22,119.5. మొత్తం 23,36,453.5ను 12తో భాగిస్తే 1,94,704. జూలై అసలు అంకె 2,17,829ని దానితో భాగిస్తే 1.12. ఇలా ప్రతి నెలకూ తీసి, మంచి సంవత్సరాల విలువల మధ్యస్థం తీసుకోండి. సగటు కన్నా మధ్యస్థం మేలు, ఒక ఏడాది తేడాగా ఉన్నా లాగెయ్యదు. చివర పన్నెండు సూచీల మొత్తం 12 వచ్చేలా సర్దాలి.

చలన సగటు కిటికీలోకి (సగటు తీసే నెలల వరుసలోకి) 2019 ఏప్రిల్ దూరిందంటే ముందున్న నెలలూ పాడవుతాయి. కిటికీ ఆరు నెలలు ముందుకు చూస్తుంది కాబట్టి 2018 అక్టోబరు నుంచి వచ్చే నిష్పత్తులు పనికిరావు. జనం తరచూ జారిపడేది ఇక్కడే, దాడి తర్వాతి నెలలు తీసేసి ముందరి ఆరు నెలలు అలాగే వదిలేస్తారు.

2020 – 2021ని సున్నాలుగా ఉంచకండి, తీసేసి గీత కలపకండి కూడా. వరుసలో స్థానం ఉండాలి, విలువ ఖాళీగా ఉండాలి. 2020 ఏప్రిల్ – నవంబరు సున్నాల మీద లాగరిథం పనిచెయ్యదు, సీజన్ సూచీతో గుణించే మోడల్ విరిగిపోతుంది, 2021 ఏప్రిల్ పెరుగుదల శాతం గడిలో సున్నాతో భాగహారం ఎర్రర్ వస్తుంది. సూచీలు 2018 సెప్టెంబరు దాకా ఉన్న నెలల నుంచి, స్థాయి మాత్రం 2023 తర్వాతి నెలల నుంచి తీసుకోండి. ఖాళీ నెలలను ఒప్పుకునే మోడల్ ఉంటే 2019 ఏప్రిల్ నుంచి, 2022 ఏప్రిల్ నుంచి రెండు డమ్మీ చలరాశులు (అంతకు ముందు 0, అక్కడి నుంచి 1 ఉండే వరుసలు) పెట్టండి.

ఇంకో రెండు చిన్న సర్దుబాట్లు. మొదటిది నెలలో రోజులు. 2018లో ఫిబ్రవరి జనవరి కన్నా 1.4 శాతం తక్కువ. రోజుకు లెక్కేస్తే జనవరి 7,707, ఫిబ్రవరి 8,415, అంటే 9 శాతం ఎక్కువ. గది అద్దెల మీద ఒత్తిడి ఎప్పుడో చెప్పాల్సినప్పుడు ఈ తేడా చాలా పెద్దది. రెండోది ఈస్టర్. 2024లో మార్చి 31, 2025లో ఏప్రిల్ 20. 2025 మార్చి (2,29,298) ముందటేడాది మీద 9.6 శాతం, ఏప్రిల్ (1,74,608) 17.3 శాతం పెరిగాయి. ఏప్రిల్‌లో ఊపు వచ్చిందని రాసేకన్నా రెండు నెలలు కలిపి 12.8 శాతం అని రాయడం నిజాయితీ. చైనా కొత్త సంవత్సరం జనవరి – ఫిబ్రవరి మధ్య జరుగుతూ ఇలాంటి పనే చేస్తుంది, ఇప్పుడు చైనా వాటా తగ్గింది కాబట్టి కొంచెం తక్కువ.

---

గల్లాపెట్టె

పైవాళ్లు చెప్పినవాటితో ఏకీభవిస్తూనే ఒకచోట అభ్యంతరం. 2018ని కూడా మరీ "మామూలు ఏడాది" అనుకోకండి. అప్పటిదాకా ఉన్న రికార్డు అది. శిఖరాన్ని బేస్ చేస్తే ఏదైనా లోటుగానే కనిపిస్తుంది. 2016, 2017, 2018 మూడేళ్ల సగటు 21,67,012. దాని మీద 2024 అంకె 94.8 శాతం. నాకు ఇదే సబబుగా అనిపిస్తుంది.

ఇలాంటి రిపోర్టుల్లో మాల్దీవులతో పోలిక ఎవరో ఒకరు అడుగుతారు, సిద్ధంగా ఉండండి. 2024లో మాల్దీవులకు 20,46,615 మంది వచ్చారు. శ్రీలంకకు 20,53,465. తేడా ఏడు వేల లోపే. కానీ శ్రీలంక జనాభా సుమారు 2.18 కోట్లు, మాల్దీవులది 2022 జనగణనలో 5.15 లక్షలు. అక్కడ ఒక్కో నివాసికి నలుగురు పర్యాటకులు, ఇక్కడ పదకొండు మంది నివాసులకు ఒక పర్యాటకుడు. రెంటినీ ఒకే బార్ చార్టులో పెడితే ఏమీ అర్థం కాదు. తలసరిన పెట్టండి.

ర్యాంకుల పిచ్చి కూడా వద్దు. 2023లో మాల్దీవులకు భారత్ నుంచి 2,09,198 మంది, రష్యా నుంచి 2,09,146 మంది. 52 మంది తేడాతో "మొదటి స్థానం" అని పత్రికల్లో శీర్షికలు వచ్చాయి. ఒక విమానం ఆలస్యమై జనవరి 1న దిగితే తారుమారయ్యే ర్యాంకు అది. మరుసటేడాది భారత్ అంకె 1.3 లక్షల దగ్గరికి పడింది, అది మాత్రం నిజమైన మార్పు.

మాల్దీవుల్లో ఒక సౌకర్యం ఉంది. అక్కడ గ్రీన్ ట్యాక్స్ మనిషికి, రోజుకు ఇంత అని వసూలు చేస్తారు. రిసార్టుల్లో 6 డాలర్లు ఉండేది, 2025 జనవరి 1 నుంచి 12. స్థానిక ద్వీపాల్లోని 50 గదుల లోపు గెస్ట్‌హౌస్‌లకు 3 నుంచి 6కు పెరిగింది. వసూలైన పన్నును రేటుతో భాగిస్తే బస రాత్రులకు ఒక స్వతంత్ర అంచనా వస్తుంది, సర్వేతో పని లేకుండా. రేటు రెట్టింపైన తర్వాత పన్ను పెరుగుదలను పర్యాటకుల పెరుగుదల అనుకోకుండా చూసుకోవాలి, వసూలు నెల వెనకబడి వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

శ్రీలంకలో సరిచూసుకోవడానికి దగ్గరగా దొరికేది హోటల్ గదుల ఆక్యుపెన్సీ (నిండిన గదుల శాతం). 2018లో సుమారు 73 శాతం, 2019లో 57 శాతం. అది నమోదైన బసలకే. ఎల్ల అనే ఊళ్లోనో వెలిగామలోనో నమోదు లేని హోమ్‌స్టేలో దిగినవాళ్లు అరైవల్స్‌లో ఉంటారు, ఆక్యుపెన్సీలో ఉండరు. కెనడా, బ్రిటన్ పాస్‌పోర్టులతో జాఫ్నాలో చుట్టాలింటికి వచ్చే తమిళ కుటుంబాలూ అంతే. కాబట్టి అరైవల్స్ పెరిగి ఆక్యుపెన్సీ పెరగకపోతే ఏదో ఒక అంకె తప్పని తేల్చెయ్యకండి. విమానాశ్రయం మొత్తం ప్రయాణికుల సంఖ్యను మాత్రం దేనికీ వాడొద్దు, గల్ఫ్‌కు పోయివచ్చే శ్రీలంక కార్మికులంతా అందులోనే ఉంటారు.

---

కూడికతీసివేత

మూడేళ్ల సగటు బాగుంది, 2018తో పాటు అది కూడా ఇస్తాను. చివరగా ఒకటే: 2025 కలపాలా? పీడీఎఫ్‌ల నుంచి అంకెలు ఎక్కించేటప్పుడు ఇంకేమైనా చూసుకోవాలా?

---

పాతపద్దు

కలపండి. 2025లో 23.6 లక్షల మంది వచ్చారు, 2018 రికార్డు దాటింది. నవంబరు చివర దిత్వా తుపాను వచ్చిన ఏడాది అది. భారత్ ఒక్కటే 5.3 లక్షలు. ఆదాయం మాత్రం 320 కోట్ల డాలర్ల దగ్గరే ఆగింది, 2018 నాటి 438 కోట్లకు చాలా దూరం. తలకు 1,360 డాలర్ల చిల్లర. మీ 2018 పోలికలో 12 శాతం లోటు మాయమైంది, తలసరి లోటు ఇంకా లోతైంది. తాజా ఏడాది అంకెల పక్కన "తాత్కాలికం" అని రాసి, వార్షిక నివేదిక వచ్చాక మార్చండి.

పీడీఎఫ్ విషయానికి వస్తే, ఎక్కించిన వెంటనే మూడు పరీక్షలు పెట్టండి. పన్నెండు నెలల మొత్తం వార్షిక అంకెతో ఒక్క మనిషి తేడా లేకుండా సరిపోవాలి. దేశాల మొత్తం ప్రాంతాల మొత్తంతో సరిపోవాలి. మూడోది, గుణకారం: మనుషులు × రాత్రులు × రోజు ఖర్చు ప్రచురించిన ఆదాయానికి అర శాతం లోపు రావాలి, దశాంశాల కుదింపు వల్ల ఆ మాత్రం తేడా ఉంటుంది. మొదటి పరీక్ష తప్పితే ఎక్కువసార్లు కారణం ఫుట్‌నోట్ అంకె అసలు అంకెకు అతుక్కుపోవడం, లేదా అంకె టెక్స్ట్‌గా పడి కూడికలోకి రాకపోవడం. గడిలో ఎడమవైపుకు జరిగి కూర్చున్న అంకెలు కనిపిస్తే అవే. నెలలకు మాత్రం పేర్లు కాకుండా అసలైన తేదీ విలువలు పెట్టండి, లేకపోతే గ్రాఫులో ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఏప్రిల్ మొదటొచ్చి, దాని వెంటనే ఆగస్టు వస్తుంది.